గొడుగు, తాళం, పాలు

ఒకాయన చొక్కా పట్టుకుని నవ్వుకుంటూ కుట్టుకొట్లోకి వచ్చాడు.

"ఏం మాస్టారూ, నాకు చేతులు లేవనుకున్నారా?"

చూస్తే ఏముంది, చొక్కా చేతులు రెండూ చివర్న మూసి కుట్టేసి ఉన్నాయి. కుట్టు మాత్రం ముత్యాల వరసే.

ఆ కుట్టు ఎవరిదో మాస్టారికి తెలుసు. కొట్లో ఓ మూల కూర్చుని గుండీలు, కాజాలు కుట్టే తన ఇంటావిడది. అయినా తన మీదే వేసుకున్నాడు. "నా పరధ్యానమండీ. సాయంత్రానికి విప్పి ఇస్తా."

ఆవిడ తలెత్తి, "ఎవరండీ ఆయన?" అంది. ఆయన పెళ్ళిబట్టలకి కాజాలు తీసింది ఆవిడే.

మాస్టారు అట్లా చాన్నాళ్ళు దాచాడు. తెలిస్తే పిచ్చిది అంటారేమోనని భయం. ఇట్లా దాచుకునే ఇళ్ళు ఎన్ని లేవు? మీ వీధిలోనూ ఉండే ఉంటాయి.

కూతురు పోరగా పోరగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. "ఇది మతిమరుపు జబ్బు. పోయిన జ్ఞాపకాన్ని తెచ్చే మందు ఇంకా లేదు. కాస్త నెమ్మదించేలా చూద్దాం. చేతికి అలవాటైన పని మాన్పించకండి."

"లేదని చెప్పడానికి ఇంత చదువెందుకో!" అని మాస్టారు బయటికొచ్చి విసుక్కున్నాడు.

లేదనే మాట మింగుడుపడనివాణ్ణి ఉందనే మాట ఇట్టే లాగేసుకుంటుంది. అద్దాల తలుపుల ఆసుపత్రి ఒకటి కొత్తగా పెట్టారని విని అక్కడికి పరుగెత్తాడు. అక్కడి డాక్టరు కుర్చీ వేసి కూర్చోబెట్టి తియ్యగా మాట్లాడాడు.

"స్టెమ్ సెల్స్ అంటారు మాస్టారూ, మూలకణాలు. ఆవిడ ఒంట్లోవే తీసి వెన్నులోకి ఎక్కిస్తాం. మెదడులో పాడైనచోట అవే కొత్తగా మొలుస్తాయి."

మాస్టారికి తన పని గుర్తొచ్చింది. "చిరిగినచోట అదే తానులో గుడ్డతో మాసిక వేసినట్టా?"

"అంతే! మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

"నాన్నా, పెద్దాసుపత్రిలో ఒక్కసారి అడుగుదాం" అని కూతురు బతిమాలింది. అడిగితే మళ్ళీ లేదంటారని మాస్టారు అడగలేదు.

సూది వేశారు. మళ్ళీ పరీక్షకి రమ్మన్నారు. సూదికి ముందు పెట్టిన మొదటి పరీక్షలో ఆవిడకి మూడు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి అడిగారు. గొడుగు, తాళం, పాలు. అప్పుడావిడ ఒక్కటీ చెప్పలేక తెల్లమొహం వేసింది. ఈసారి అట్లా కాకూడదనుకున్నాడు మాస్టారు. పని నేర్చుకోవడానికొచ్చిన వాళ్ళకి నేర్పినట్టే, చేతికి సూది, పాతగుడ్డ ఇచ్చి కూర్చోబెట్టాడు. కుట్టుకో మాట. గొడుగు అని ఒక పోటు, తాళం అని ఒక పోటు, పాలు అని ఒక పోటు. మతి మరిచినా చెయ్యి పట్టుకుంది.

పరీక్షలో ఆవిడ వేళ్ళు గాల్లో కుడుతూనే ఉన్నాయి. మూడు మాటలూ గడగడా చెప్పేసింది. డాక్టరు చప్పట్లు కొట్టి వీడియో తీయించాడు. "మా ఆవిడ నాకు తిరిగొచ్చింది" అని మాస్టారు అందులో నవ్వుతూ చెప్పాడు. ఆ సాయంత్రమే ఆవిడ కూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అంది.

"నువ్వే చెప్పించావు కదూ నాన్నా?"

"ఆశ పోకూడదని తల్లీ..."

మర్నాడు జ్వరం ముంచుకొచ్చింది. మెడ కొయ్యబారింది. వెన్నులో సూది వేసినచోట చీముపట్టి లోపలికి పాకిందని పెద్దాసుపత్రిలో తేల్చారు. లేదని చెప్పిన ఆ డాక్టరే రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ప్రాణం నిలబెట్టాడు. ఆవిడ మాత్రం మంచం దిగలేదు. సూది పట్టే చెయ్యి సూది పట్టలేకపోయింది. అద్దాల ఆసుపత్రివాళ్ళు "వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలే" అని తలుపేసుకున్నారు. ఆ వీడియోని మాత్రం ఊరంతా చూపిస్తూనే ఉన్నారు.

ఓ రోజు పక్కవీధి కూరగాయలావిడ కొట్టుకొచ్చింది. మొహమంతా వెలిగిపోతోంది.

"అన్నయ్యా, మా ఆయన్ని రేపు అక్కడికే తీసుకెళ్తున్నా. ఆయనా నన్ను మరిచిపోయాడు. వీడియోలో వదినని చూశాకే ధైర్యమొచ్చింది. ఒక్కసారి కళ్ళారా చూసి వెళ్తా."

మాస్టారి చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇంట్లో లేదని చెప్పి పంపేయొచ్చు. పరువూ దక్కుతుంది. కానీ రేపు ఆ సూది ఇంకొకరి వెన్నులో దిగుతుంది. లేచి, ఆవిణ్ణి పడుకోబెట్టిన కొట్టు వెనకగది తెర పక్కకి లాగాడు.

మంచం మీద ఎముకలగూడు. ఎండిన వేళ్ళు దుప్పటి మీద లేని సూదితో కుడుతున్నాయి. పెదాలు మెల్లగా కదులుతున్నాయి.

"గొడుగు... తాళం... పాలు..."

కూరగాయలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మరి... వీడియోలో నవ్వారుగా అన్నయ్యా?"

"నవ్వానమ్మా. ఆ మాటలు నేనే నేర్పించాను."

ఆవిడ అక్కడే నేలమీద కూలబడింది. "అయితే మా ఆయనకి దారి లేదా?"

"నయమయ్యే దారి ఇంకా లేదు. చూసుకునే దారి ఉంది. పెద్దాసుపత్రికి నేనూ వస్తా, పద."

అప్పట్నుంచి కొట్టుకి ఎవరొచ్చినా మాస్టారు కొలతలు తీసుకునే ముందు తెర తీసి చూపిస్తాడు. ఒకే మాట చెబుతాడు.

"జబ్బుని దాచకండి. ఎవరూ సరిచూడని వైద్యానికి మనవాళ్ళ ఒళ్ళు అప్పగించకండి. బాగవకుండానే బాగైందని మాత్రం ఎవరికీ చెప్పకండి, ఆ మాట నమ్మి ఇంకొకరు తమ మనిషిని తీసుకెళ్తారు."