రెండో టిక్కు

పెళ్ళయి మూడు నెలలైనా కోడలికి ఆ ఇల్లు ఇంకా కొత్త బట్టలాగే ఉంది. కట్టుకున్న ప్రతిసారీ అద్దంలో చూసుకోవాలనిపించేది. పొద్దున్నే ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానిమీద ఒకటి వాలి నిలబడి ఉంటే, అదేదో ప్రపంచంలో ఎక్కడా జరగని వింతలాగా ఒక్కతే నవ్వుకునేది. మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. అతని చొక్కాలు ఉతకబోతే జేబులో రోజూ ఒక బోల్టో, నట్టో దొరికేది. వాటన్నిటినీ ఒక సీసాలో వేసి దాచుకుంది, ముత్యాలైనట్టు.

ఆ ఇంట్లో ఆమెకి మింగుడుపడనిది ఒక్కటే. ఒంటిగంట.

మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకి అత్తగారి కుట్టుమిషను ఆగేది. అప్పటిదాకా టకటకమని ఇల్లంతా నిండిన చప్పుడు కత్తెరతో కోసినట్టు ఆగేది. ఆవిడ కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, ఫోను తీసి, ఒక్క మాట కొట్టి పంపేది. "తిన్నావా?"

పంపేది చచ్చిపోయిన కూతురికి.

ఆ పిల్లని అందరూ గువ్వ అనేవాళ్ళు. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుని పనిచేసేది. రెండేళ్ళ కిందట పది రోజుల జ్వరంతో పోయింది. బతికున్నప్పుడు ఆవిడ రోజూ ఒంటిగంటకి తిన్నావా అని అడగడం, గువ్వ విసుక్కుంటూ "తిన్నానమ్మా తల్లీ" అనడం అలవాటు. ఇప్పుడు రెండోది లేదు, అంతే తేడా.

"ఒక్క టిక్కు పడి ఆగిపోతుందిలే, అవతలికి చేరదు. ఎవరికి చేటు?" అన్నాడు మొగుడు, కొత్తలో కోడలు అడిగితే. అన్నవాడు ఆమె వంక మాత్రం చూడలేదు.

కోడలు ఆడపడుచుని ఎన్నడూ చూడలేదు. కానీ పడుకునేది ఆ పిల్ల గదిలో. తలుపు వెనక కొక్కేనికి ఆ పిల్ల ఉన్ని కోటు ఇంకా వేలాడుతోంది. తలుపు తీసిన ప్రతిసారీ అది కాస్త ఊగేది, ఇప్పుడే ఎవరో విప్పి తగిలించి పక్కగదిలోకి వెళ్ళినట్టు. భయపడాలో, పలకరించాలో తెలియక కోడలు దాన్ని చూసి తల ఊపేది. ముందువెనకలుగా ఒకే ఇంటికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడ్డట్టు.

ఆ బుధవారం ఆమెకి కళ్ళజోళ్ళ దుకాణంలో సెలవు. ఆమె పని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం. సెలవు రోజున కూడా పళ్ళెం మీద పడ్డ వెలుగునీ, గాజుగ్లాసులో మెరుపునీ వంచి వంచి చూసే జబ్బు ఆ పనితోనే వచ్చింది.

ఒంటిగంట కొట్టింది. మిషను ఆగింది. తర్వాత రోజూ ఉండే నిశ్శబ్దం లేదు. ఫోను టింగుమంది. వెంటనే అత్తగారు నవ్వింది.

మూడు నెలల్లో ఆ నవ్వు కోడలు వినలేదు. చిన్నపిల్ల గొంతులో ఉన్నట్టుంది. ఆమె సంబరపడి, గిన్నెలు కడగడం ముగించి వంటింట్లోంచి వచ్చింది. చేతులు తుడుచుకోడానికి తువ్వాలు కోసం తన గది తలుపు తీస్తే వెనక ఏదీ ఊగలేదు. కొక్కెం బోసిగా ఉంది.

కోటు అత్తగారి ఒళ్ళో ఉంది. ఆవిడ చేతిలో సగానికి విరిచిన బ్లేడు ఉంది. కాలరు అంచున మొదటి కుట్టు అప్పుడే తెగింది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"కాలరు అరిగింది."

"వేసుకునేవాళ్ళు లేని కోటుకి కాలరెలా అరుగుతుందండీ?"

అనేశాక నాలిక కరుచుకుంది. కానీ అత్తగారికి కోపం రాలేదు. పెదవులమీద ఇంకా ఆ నవ్వే తచ్చాడుతోంది. "కూర్చో అమ్మాయ్. మీ ఆయనకి చెప్పనంటేనే చూపిస్తా," అని ఫోను ఇటు తిప్పింది.

పైన ఏవేవో కబుర్లు, వాటి మధ్య రోజూ ఒకటే వరస. తిన్నావా? తిన్నావా? తిన్నావా? కింద, పోయిన గురువారం, అవతలివైపు నుంచి ఒక మాట.

"తిన్నానమ్మా. నువ్వు?"

కోడలి వీపు మీద చల్లటి వేలితో ఎవరో గీసినట్టయింది. ఆ మాట పక్కన చిన్న గుండ్రంలో గువ్వ బొమ్మ నవ్వుతోంది.

"దానికి అన్నీ తెలుసమ్మాయ్," అత్తగారు గుసగుసలాడింది. "నా ఎడమ మోకాలు, డాబా కారడం, పక్కింటావిడ నా కత్తెర పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వకపోవడం. అన్నీ అడిగింది. నిన్నూ అడిగింది. ఇదిగో చూడు, 'వదిన బాగుందా' అని."

వదిన. ఆ పిలుపు కోసం కోడలు ఎంత ఆశపడిందో ఎవరికీ తెలియదు. ఆమెకి తోడబుట్టినవాళ్ళు లేరు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, బాగున్నాననేసి రాయాలనిపించింది.

ఆ కిందది చదివేసరికి ఆ క్షణం గడిచిపోయింది.

"అమ్మా, క్రిప్టో కంపెనీ పాత ఖాతాదారులందరికీ బహుమతి నాణేలు ఇస్తోంది. కోటు కాలరులో దాచావే, ఆ పన్నెండు మాటలు ఈ లింకులో కొట్టు. అరగంటే గడువు. దాటితే నా ఖాతా మూసేస్తారు. ఇక నీతో మాట్లాడలేను."

క్రిప్టో నాణేలంటే చేత్తో ముట్టుకునేవి కావు, ఇంటర్నెట్లోనే ఉండే డబ్బు. గువ్వ ప్రతి నెలా కాసిని కొనేది. వాటి తాళంచెవి పన్నెండు మాటలు. కాగితం మీద రాసి తల్లికిచ్చి, "ఇవి ఎవరికి తెలిస్తే నాణేలు వాళ్ళవే. దేవుడు దిగొచ్చి అడిగినా చెప్పకు," అందట. దర్జీ మనిషి ఇనప్పెట్టెను నమ్ముతుందా? కూతురి కోటుకే కాలరు విప్పి, అస్తరు లోపల పెట్టి కుట్టేసింది.

"దేవుడడిగినా చెప్పొద్దందిగా?" అంది కోడలు మెల్లగా.

"దేవుడికి చెప్పొద్దంది. తనకి చెప్పొద్దనలేదుగా."

అత్తగారు లింకు అప్పటికే తెరిచి ఉంచింది. కోడలు ఫోను చేతిలోకి తీసుకుంది. ఏ మాటా కొట్టకుండా చూసింది. బంగారు రంగు పేజీ, పైన ఎర్ర అంకెల్లో గడువు తరిగిపోతోంది. కింద బహుమతి అందుకున్నవాళ్ళ పేర్లు వరసగా పైకి జరుగుతున్నాయి.

"ఈ గడియారం చూడండత్తయ్యా. ఇరవై నిమిషాలుంది కదా? మూసేసి మళ్ళీ తెరుస్తా." తెరిచింది. ముప్పై నిమిషాలు. "చూశారా, మనం తెరిచినప్పుడల్లా కొత్తగా మొదలవుతుంది. పేర్లు కూడా అంతే, పది దాటగానే మొదటి మనిషికే మళ్ళీ బహుమతి. మా కొట్లో 'ఈ ఒక్కరోజే ఉచిత కంటి పరీక్ష' అని ఏడాది పొడుగునా బోర్డు పెడతాం, నాకు తెలీదా ఈ కళ? బహుమతి ఇచ్చేవాడికి మన తాళంచెవి ఎందుకండీ? ఇచ్చేవాడు గుమ్మంలో పెట్టి పోతాడు. తాళం అడిగేవాడు దోచుకోడానికే."

అత్తగారు బ్లేడు కింద పెట్టలేదు.

"నాకు నాణేలెందుకే? మోసమైతే పోతాయి, పోనీ. మోసం కాకపోతే? నిజంగా అదే అయితే? అమ్మ పన్నెండు మాటలు చెప్పలేకపోయింది, అందుకే తన నోరు మూతపడిందని అది అనుకోదూ?"

అప్పుడు కోడలికి అర్థమైంది, ఆవిడ పోగొట్టుకోబోయేది డబ్బు కాదని. వచ్చిన జవాబులు మళ్ళీ పోతాయి. అందుకే ఆవిడ బ్లేడు వదలడం లేదు.

వరండాలోకి వెళ్ళి మొగుడికి ఫోను చేసింది. చెప్పనని ఒట్టేమీ పెట్టలేదు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది. అతను ఏదో లిఫ్టు గోతిలో ఉన్నాడు, గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"ఆ నంబరుకి రీచార్జి చెయ్యడం నేనే మానేశాను," అన్నాడు అంతా విని. "ఏడాదైంది. ఫోను కంపెనీవాళ్ళు ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు. అమ్మకి చెప్పే ధైర్యం లేక... నువ్వు చెప్పవా?"

"నువ్వు ఆపావు, నేను చెప్పాలా? బాగుంది వరస!"

"తిట్టు. సాయంత్రం కూడా తిట్టు. ఇప్పుడు మాత్రం ఆ కాలరు విప్పనివ్వకు."

లోపలికి వచ్చి, నంబరు చేతులు మారిన సంగతి చెప్పింది. అత్తగారు కదలకుండా వింది. మాట అవతలి ఫోనుకి చేరిందని చూపే రెండో టిక్కు ఎప్పటినుంచి పడుతోందని కోడలు అడిగితే, ఎనిమిది నెలల నుంచి అంది. ఎవరికీ చెప్పలేదట. చెబితే పోతుందేమోనని.

"అంటే ఎనిమిది నెలలుగా మీరు రాసిందంతా ఎవరో చదువుతూ కూర్చున్నారండీ. మోకాలు, డాబా, కత్తెర, మా పెళ్ళి. కోటు సంగతి రాశారా?"

"దాని వస్తువు భద్రంగా ఉందని చెప్పొద్దూ?" అంది ఆవిడ చిన్నగా. అంతలోనే తలెత్తింది. "నంబరు వేరేవాళ్ళదైతే బొమ్మ దానిదెలా అయింది? చెప్పు చూద్దాం."

కోడలు గుండ్రంలోని బొమ్మ పెద్దది చేసింది. గువ్వ నవ్వుతోంది. ఆమె కళ్ళు అలవాటుగా నవ్వు మీద ఆగలేదు, వెలుగు మీద ఆగాయి. చెంప పక్కన పలచటి తెల్లటి పొర. ఫోటోలో పడ్డ వెలుగు కాదది, ఫోటో మీద పడ్డది. గాజు. ఆ పొరలో, గువ్వ భుజం వెనక, మసకగా ఒక ఆకారం నిలబడి ఉంది. రెండు చేతులూ ఎత్తి ఏదో పట్టుకుని, నుదుటిమీద కళ్ళజోడుతో.

ఫోను అత్తగారి కళ్ళ దగ్గర పెట్టింది.

"ఈ వెనకున్నది ఎవరో చూడండి."

ఆవిడ చాలాసేపు చూసింది.

"నేను," అంది.

"గోడమీది ఫోటోని మీరు ఫోనుతో తీసి, ఆ నంబరుకి పంపారు కదూ?"

"మొన్న రెండో సంవత్సరీకానికి. చూసుకుంటుందని."

ఫోను మళ్ళీ టింగుమంది. "అమ్మా, ఉన్నావా?" ఇన్నాళ్ళూ పిలుపు వెళ్ళింది తల్లి నుంచి. ఇప్పుడు అటునుంచి వస్తోంది.

అత్తగారు కోటుని ఒళ్ళో సర్దుకుని, దాని మూడో గుండీని బొటనవేలితో తడిమింది. మిగతావన్నీ నల్లదారంతో గట్టిగా ఉన్నాయి. అదొక్కటీ ఎర్రదారంతో, వంకరగా, చిక్కుముడిలా ఉంది. ఆవిడ తానే ఫోను తీసుకుని, ఒక్కో అక్షరమే కొట్టింది. "గువ్వా, నీ కోటు మూడో గుండీకి ఎర్రదారం ఎందుకే?"

టైప్ చేస్తోంది అని వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది. తలుపవతల ఎవరో నిలబడి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. ఇద్దరూ ఫోను మీదికి వంగారు. మోసమని నిరూపించిన కోడలు కూడా ఆ నిమిషంలో లోలోపల వేడుకుంది: చెప్పు, ఒక్కసారి చెప్పు.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, తొమ్మిది నిమిషాలే ఉంది. తొందరగా కొట్టు."

అత్తగారు తల ఊపింది.

"ఒకరోజు ఆలస్యమైపోతోందని తానే కుట్టుకుంది," అంది కోడలితో. "దర్జీ కూతురయ్యుండి జన్మలో కుట్టిన ఒకే ఒక్క గుండీ. విప్పి కుడతానంటే నా చెయ్యి పట్టుకుని, చచ్చినా విప్పనివ్వనంది. అది ఎప్పుడూ రాయలేదు నేను. నాకే గుర్తుంటుంది కదా అని రాయలేదు."

తర్వాత ఆ నంబరుకి చివరిమాట రాసింది. తిట్టలేదు. "నీకూ అమ్మ ఉండే ఉంటుంది. ఆవిడ తిన్నదో లేదో కనుక్కో."

రెండు టిక్కులూ నీలమయ్యాయి, అంటే చదివారు. మరుక్షణం గుండ్రంలో గువ్వ లేదు. బూడిదరంగు బొమ్మ మిగిలింది, ముఖం లేనిది. అత్తగారి గొంతులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. రెండేళ్ళ కిందట కూడా అలాగే వచ్చి ఉంటుందనుకుంది కోడలు. ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసింది. ఆవిడ విదిలించుకోలేదు.

తెగిన ఒక్క కుట్టునీ అత్తగారు ఆ సాయంత్రమే వేసేసింది. కాగితం బయటికి తియ్యనేలేదు. మొగుడు తలవంచుకుని వచ్చి, తల్లి పక్కన నేలమీద కూర్చుని, తిట్లన్నీ తిన్నాడు.

తర్వాతి బుధవారం ఒంటిగంటకి మిషను ఆగింది. గదిలో బట్టలు మడతపెడుతున్న కోడలు చెవులు రిక్కించింది. ఫోను చప్పుడు లేదు. కాసేపటికి అత్తగారి గొంతు, కాస్త గట్టిగా.

"తిన్నావా?"

ఆమె గుండె పొంగిపోయింది. "తిన్నానత్తయ్యా!"

"నిన్నడగలేదు."

కోడలు చేతిలో చొక్కాతో అలాగే నిలబడిపోయింది. తలుపు వెనక కోటు తన కొక్కేనికి తాను ఉంది. ఊగుతోందో లేదో చూడటానికి ఆమె తల తిప్పలేదు. అవతల నిశ్శబ్దం చాలాసేపు సాగింది, ఎవరో జవాబు చెప్పడానికి ఎంత పడుతుందో అంతసేపు. ఆ తర్వాత మిషను పాదం కదిలింది. రెండు కుట్లు పడి ఆగింది.

"ఇంతకీ ఏం తిన్నావే నువ్వు?" అంది అత్తగారు.