నాలుగు మిల్లీమీటర్ల మందం

ఆ ల్యాబులో అందరూ ఆయన్ని వంటాయన అనేవారు. ఆయన వండేది మనుషులకు కాదు, క్రిములకు. నిమ్ము చేసినవాళ్ళ కఫంలో దొరికే క్రిముల్ని పెంచాలంటే వాటికీ తిండి కావాలి కదా. సముద్రపు నాచు పొడిని నీళ్ళలో ఉడికించి, చెయ్యి పట్టే వేడికి చల్లారాక గొర్రె రక్తం కలిపి, అరచేతంత గుండ్రటి ప్లేట్లలో పోసేవాడు. అది ఎర్రటి జెల్లీలా గడ్డకట్టేది.

పోయడంలోనే ఉంది కిటుకంతా. జెల్లీ నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఎక్కువా కూడదు, తక్కువా కూడదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకు చెయ్యే కొలత.

ఆ జెల్లీ మీద క్రిముల్ని పూసి, మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్ళ పెట్టేది ల్యాబు అమ్మాయి. తెల్లారేసరికి క్రిములు ప్లేటంతా పెరిగేవి, బిళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ రింగు మిగిలేది. రింగు ఇరవై మిల్లీమీటర్లు దాటితే మందు పనిచేస్తున్నట్టు. లోపుంటే క్రిములు మందుకు లొంగడం మానేసినట్టు. ఆ అంకెలు పై ఆఫీసుకు వెళ్ళేవి. ఏ మందు వాడాలో, దేన్ని పక్కన పెట్టాలో చాలా ఊళ్ళ డాక్టర్లు వాటిని చూసే తేల్చుకునేవారు.

నెల నుంచి వంటాయన కుడి చెయ్యి వణుకుతోంది. పొద్దున చొక్కా గుండీలు భార్య పెడుతోంది. ల్యాబులో ఎవరికీ తెలియదు. చెయ్యి వణికితే జెల్లీ ఒక పక్క పలచగా, ఒక పక్క మందంగా పడుతుంది. దానికాయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇంకొంచెం ఎక్కువ పోస్తే అదే సర్దుకుని అద్దంలా పరుచుకుంటుంది. చూసినవాళ్ళకు వంక పెట్టడానికేమీ ఉండదు.

కొత్తగా పోసిన ప్లేట్లను ముందు, రింగు ఎంత రావాలో తెలిసిన ఒక క్రిమితో పరీక్షించాలని నియమం. ల్యాబు అమ్మాయి ఆ పరీక్ష ఎప్పుడో మానేసింది.

"నీ ప్లేట్లకు పరీక్షేంటి బాబాయ్? మా అమ్మ వంటకు ఉప్పు చూసినట్టుంటుంది!" అని నవ్వేది.

ఆ రోజు పొద్దున ఆ అమ్మాయి నవ్వలేదు. స్కేలు పెట్టి కొలిచింది. పదహారు. రెండో ప్లేటు పదిహేడు. వరసగా ఐదు ప్లేట్లు, ఐదుగురి కఫం, ఒక్క రింగూ ఇరవైకి రాలేదు. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరమ్మ చూసి కళ్ళద్దాలు తీసేసింది. "ఈ మందు కూడా చేజారిందా," అంది మెల్లగా. "సాయంత్రానికి పై ఆఫీసుకు అంకెలు పంపుదాం. వార్డులో ఆ నాలుగేళ్ళ పిల్లాడికి మందు మార్చాలి. ఇక ఆఖరికని దాచుకున్న ఇంజెక్షనే గతి."

వంటాయన మూల సింకు దగ్గర సీసాలు కడుగుతున్నాడు. అన్నీ విన్నాడు. వాళ్ళు అటు వెళ్ళగానే ఒక ప్లేటు తీసి కిటికీ వెలుగులో పక్కగా పట్టుకు చూశాడు. తన చేతి పని తనకు తెలియదా? జెల్లీ బలిసిన దూడలా ఉంది. మందు చుట్టూ పాకకుండా అడుక్కి దిగిపోయింది. అందుకే రింగు చిక్కిపోయింది. తప్పు క్రిములది కాదు, మందుదీ కాదు.

కిందికి దిగితే మెట్ల దగ్గర బల్ల మీద ఆ పిల్లాడి తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న చెప్పుల జత. వంటాయన తల వంచుకుని ఆమెను దాటిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు.

"ఏమయ్యా, కూడు ముందు పెట్టుకుని జపం చేస్తున్నావేం?" అంది భార్య.

సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆయనకు అంతకంటే మాటలు రావు.

"చెబితే పని పోతుంది," అన్నాడు చివరికి.

"పోతే?"

"ఇంట్లో కూర్చుని నీ తిట్లు తినాలి."

"ఇప్పుడు తినడం లేదా? అప్పుడు వేడివేడిగా తింటావు, అంతే." ఆమె నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. వణుకుతున్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "చెయ్యి నీ మాట వినడం లేదు. నోరైతే వింటుందిగా. లే, వెళ్ళు."

ల్యాబుకు తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ పై ఆఫీసుకు పంపే కాగితం మీద సంతకం పెట్టబోతోంది.

"అమ్మా, ఆగండి. ఆ ప్లేట్లు మందం."

"నీ ప్లేట్లా?" అని నవ్వింది ల్యాబు అమ్మాయి.

ఆయన జేబులోంచి కుడి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల మీది పెన్ను టకటకలాడింది. అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

డాక్టరమ్మ లేచింది. సూది తెచ్చి జెల్లీలోకి అడుగు తగిలేదాకా గుచ్చి, తీసి స్కేలు పక్కన పెట్టింది. ఆరు మిల్లీమీటర్లు. వెంటనే వార్డుకు ఫోన్ చేసింది. "మా పరీక్ష తప్పింది, ఆ ఫలితం చూసి మందు మార్చకండి. రేపు సరైనది చెబుతాను. పిల్లాడెలా ఉన్నాడు?" అవతలి మాట విని, "జ్వరం కాస్త దిగిందట," అంది ఇద్దరితో.

"తప్పు నాదీ ఉంది మేడమ్," అంది అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. "పరీక్ష పెట్టలేదు."

"ఏడుపు తర్వాత. ముందు ప్లేట్లు పొయ్యండి."

ఆ మధ్యాహ్నం అమ్మాయి పోసింది. వంటాయన పక్కన నిలబడి చూశాడు.

"వంచు. ఇంకా. భయపడకు, అది నిన్ను కరవదు. ఆపు! ఆపమంటే ఆపాలమ్మా, ఆలోచించకూడదు."

"నువ్వింత మాట్లాడతావని తెలీదు బాబాయ్."

"ఇన్నాళ్ళూ చెయ్యి మాట్లాడింది."

గడ్డకట్టాక సూది గుచ్చారు. నాలుగు. ఆ ఐదుగురి క్రిముల్నీ మళ్ళీ పూశారు, ఈసారి విడిగా ఒక ప్లేటు మీద తెలిసిన క్రిమినీ పూశారు.

మర్నాడు పొద్దున దాని రింగు ఉండాల్సినంతా ఉంది. ఆ తర్వాత అమ్మాయి పిల్లాడి ప్లేటు తీసింది. కొలిచింది. మళ్ళీ కొలిచింది. "ఇరవై నాలుగు," అంది. మిగతా నాలుగూ ఇరవై దాటాయి.

డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి, పాత ప్లేట్ల వరస కొట్టేసి పక్కన రాసింది. వంటాయన కూడబలుక్కుని చదివాడు. 'మందం ఎక్కువ. కొత్త ప్లేట్లకు పరీక్ష జరగలేదు. ఫలితాలు రద్దు.'

"చెయ్యి సంగతి రాయలేదేం?"

"రింగు చిన్నదైంది మందం వల్ల. అది రాశాను. చేతిని కింద నరాల డాక్టరుకు చూపిద్దాం, పదకొండింటికి రమ్మన్నాడు. ఇకనుంచి పోసేది అమ్మాయి, సూది గుచ్చి చూసేది మీరు. మీరు సరేననందే ఒక్క ప్లేటూ బయటికి రాకూడదు."

ఆయన తల ఊపాడు. ఎడమ చేత్తో సూది తీసుకుని, అమ్మాయి ఆ పొద్దున పోసిన కొత్త వరస దగ్గరికి వెళ్ళాడు. మొదటి దానిలో గుచ్చి చూశాడు.

"మూడున్నర. తీసి పారెయ్."

"బాబాయ్! అర మిల్లీమీటరే కదా తేడా!"

"పారెయ్యమ్మా," అన్నాడు. కిటికీలోంచి మెట్ల దగ్గరి బల్ల కనిపిస్తోంది. దాని మీద ఎవరూ లేరు. తల్లిని వార్డులోకి పిలిచినట్టున్నారు. చెప్పుల జత కూడా లేదు, పిల్లాడు లేచి నడుస్తానన్నాడేమో.