ప్లస్ తీగ, మైనస్ తీగ

పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన నన్ను ఆ పాతకాలపు ఎర్ర స్పోర్ట్స్ కారులో ఒక్కసారైనా బార్‌మత్ సముద్రం దాకా తీసుకెళ్లలేదు. బయలుదేరడం మాత్రం ప్రతి వేసవీ బయలుదేరతాం. కొండ దారిలో ఎక్కడో ఆ మహాతల్లి దగ్గి దగ్గి ఆగిపోతుంది. వెంటనే మాతో వచ్చే పాత కార్ల క్లబ్బు బళ్లన్నీ ఆగుతాయి. ముసలాళ్లంతా దిగి, బానెట్‌లోకి తలకాయలు దూర్చి, జేబుల్లోంచి ఇంజన్‌కి నిప్పురవ్వ అందించే కొత్త పాయింట్లు తీసి, ఒకణ్ణొకడు తిట్టుకుంటూ సాయంత్రం చేస్తారు. నేను వానలో గొడుగేసుకుని తడిసిన శాండ్‌విచ్ నములుతుంటాను.

ఈ ఏడు తెగేసి అడిగాను.

"నెవిల్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడతావా, నన్ను ఇంట్లో పడుండమంటావా?"

"అది పెడితే క్లబ్బులో హొరేస్ మళ్లీ నా మొహం చూడడు, గ్లెనిస్."

"చూడకపోతే పీడా పోయె!"

పెట్టాడు పాపం. పాయింట్లు పీకేసి, వాటి చోట వేలెడంత నల్ల పెట్టె బిగించాడు. మా పాత బళ్లలో బ్యాటరీ ప్లస్ తీగను కారు బాడీకి తగిలిస్తారు. ఈ పెట్టె ఉంటే మాత్రం మైనస్ తీగను తగిలించాలి, తప్పితే క్షణంలో కాలిపోతుంది. రోజూ పొద్దున్నే టోస్టు తింటూ ఇదే పాఠం. నాకెందుకయ్యా ఈ గోల అన్నా వదల్లేదు.

ఈసారి బండి ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నానికల్లా బార్‌మత్‌లో ఉన్నాం. వేడి వేడి చేప, చిప్స్, ఎదురుగా సముద్రం. నా ఆనందం ఇంతా అంతా కాదు. నెవిల్ మాత్రం రోడ్డు వైపే చూస్తున్నాడు. క్లబ్బు బళ్లు ఒక్కటీ రాలేదు.

"హొరేస్ బండి ఆగుంటుంది. అందరూ అక్కడే ఉంటారు," అన్నాడు. చిప్స్ ముట్టలేదు. ఆటలో చేర్చుకోని పిల్లాడిలా కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది.

"సరే పద, ఆ ఏడుపు మొహం చూడలేను."

వెనక్కి వెళ్తే నిజంగానే అందరూ హొరేస్ బండి చుట్టూ ఉన్నారు. నెవిల్ చొక్కా చేతులు మడిచి దగ్గరికెళ్లాడు. ఒక్కడూ జరిగి చోటివ్వలేదు.

"వచ్చాడయ్యా కంప్యూటర్ దొర!" అన్నాడు హొరేస్. "నీకిక్కడేం పనిరా? నీ బండికి రోగాలు రావుగా."

నెవిల్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "బ్యాటరీ చచ్చినట్టుంది. నాది పెట్టి చూడండి," అన్నాడు.

పెట్టారు. హొరేస్ బండి స్టార్టయింది. మా బ్యాటరీని తిరిగి మా కారులో హొరేసే బిగించాడు. అరవై ఏళ్లుగా అలవాటైన చేతులు కదా, ప్లస్ తీగను తీసుకెళ్లి బాడీకి తగిలించాడు.

నేను చూశాను. పక్కనే నిలబడ్డ నెవిల్ కూడా చూశాడు, కిక్కురుమనలేదు. అరుపు నా నోటి దాకా వచ్చింది. అప్పుడు నెవిల్ నా వైపు తిరిగి, వద్దన్నట్టు తల ఊపాడు. ఇన్నాళ్లకు చూసిన నా సముద్రం! అయినా నోరు మూసుకున్నాను.

నెవిల్ కారెక్కి తాళం తిప్పాడు. టప్‌మంది. నల్ల పెట్టె కాలిన కంపు కొట్టింది.

"ఏమైందిరా, ఏమైంది?" అంటూ ముసలాళ్లంతా తోసుకుంటూ మా బానెట్ మీద పడ్డారు. హొరేస్ జేబులోంచి పాయింట్లు తీసి, నెవిల్ భుజం పట్టి తన పక్కకు లాక్కున్నాడు.

"ఇలా వంగు. చెప్తే విన్నావా, వెధవా!"

"వినలేదురా," అన్నాడు నెవిల్. ఆ మాట అంత సంతోషంగా అన్న మనిషిని నేనింతవరకు చూడలేదు.