థొకొజాని లేని సభ

అమెరికాలోని హెర్న్‌డన్‌లో, ఒక హోటల్ హాలులో, ఆఫ్రికా అభివృద్ధికి విశ్వవిద్యాలయాలు చేయగల సాయం గురించి సభ పెట్టారు. ముఖ్య వక్త, మలావీ దేశపు ప్రొఫెసర్ థొకొజానికి వీసా రాలేదు.

త్రివేణి ఆమెతో ఆరేళ్లుగా కలిసి పనిచేస్తోంది. తెగులు సోకని కర్రపెండలాన్ని అక్కడి రైతులతో పండించి చూపింది థొకొజాని. ఇక్కడి ల్యాబ్‌లో పరీక్షలు చేసింది త్రివేణి.

"వీడియో కాల్ పెడదాం సార్. ఆవిడ రెడీగా ఉంది," అంది త్రివేణి.

ప్రాజెక్ట్ డైరెక్టర్ కొండల్ రావు ఒప్పుకోలేదు. "సిగ్నల్ కట్ అయితే డోనర్స్ ముందు పరువు పోతుందమ్మా. ఆమె స్లైడ్స్ నువ్వే ప్రెజెంట్ చెయ్యి. నువ్వూ బయటి దేశందానివే కదా, స్టేజీ మీద బాగానే ఉంటది."

త్రివేణికి ఒళ్లు మండింది. కానీ తన గ్రీన్‌కార్డ్ ఆయన చేతిలో ఉంది. వేదికెక్కి, థొకొజాని రాసిన మాటలు తనవన్నట్టే చదివింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. జ్ఞాపిక త్రివేణి చేతిలోనే పెట్టారు.

బయటికొచ్చి ఫోన్ చేసింది.

"మా రైతుల పేర్లు చదివావా?" థొకొజాని ఆత్రంగా అడిగింది.

టైమ్ లేదని కొండల్ రావు ఆ పేర్ల స్లైడ్ తీసేయించాడు.

"చదివాను," అంది త్రివేణి.

"నీ మాట విందామని ఆ రైతులంతా నా దగ్గరే కూర్చున్నారు. ఉండు, పేర్లు చదివానని వాళ్లకు నువ్వే చెప్పు," అంటూ థొకొజాని స్పీకర్ ఆన్ చేసింది.