దుప్పట్ల అత్త

బడి స్టాపులో బస్సు పూర్తిగా ఆగకముందే జనం ఎగబడ్డారు. సాయంత్రం ట్రిప్పు ఎప్పుడూ ఇంతే. బళ్ళు వదిలే వేళా, మిల్లు వదిలే వేళా ఒకటే. కండక్టరమ్మ ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, ఇంకో చేత్తో టిక్కెట్ల మిషను పొట్టకి అదుముకుని, పొద్దుట్నుంచి అరిచి బొంగురుపోయిన గొంతుతో "ముందుకి జరగండి, ముందుకి" అని మళ్ళీ అరిచింది.

"జరగమంటావు, ముందేమన్నా మైదానముందా తల్లీ?" అన్నాడు నెత్తిన బుట్టతో ఉన్న ముసలాయన.

"మైదానముంటే నా బస్సెందుకెక్కుతావు తాతా, పరిగెత్తేవాడివి. జరుగు."

ఈ స్టాపులో ఆమె కూతురు రోజూ ఒంటరిగా ఎక్కుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. నోరు ఊరుకోదని ఇంట్లో పిచ్చుక అంటారు. ఇవాళ పిచ్చుక చెయ్యి పట్టుకుని నాన్నమ్మ కూడా ఎక్కింది. కోడలి వంక ఒక చూపు చూసి, ఆడవాళ్ళ సీట్లలో పిల్లని పక్కన పెట్టుకుని కూర్చుంది.

ఆ చూపు దేనికో కండక్టరమ్మకి తెలుసు. పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపి అత్తగారు తేల్చేసింది. "ఇవాళే ఆఖరు. రేపట్నుంచి నీ బస్సెక్కొద్దని దాంతో చెప్పు. చెప్పావో లేదో నేనే వచ్చి చూస్తా." భర్త అక్కడే బూట్లు తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ఆలస్యమైతే పూట జీతం పోతుందన్న కంగారులో "సరే అత్తయ్యా" అనేసి వచ్చింది కండక్టరమ్మ. అప్పట్నుంచీ ఆ మాట చేపముల్లులా గొంతుకి అడ్డం పడి ఉంది.

ఎక్కొద్దని చెప్పాల్సింది ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషికి. పిచ్చుకని కన్నది ఆమే. మనువాడతానన్నవాడు మాయమయ్యాడు. చంటిబిడ్డ ఉన్నవాళ్ళని లాండ్రీ కాంట్రాక్టరు గేటు లోపలికి రానివ్వడు. వరసగా మూడు కడుపులు పోయిన కండక్టరమ్మకి అదే ఆస్పత్రిలో ఆమె తన బిడ్డనిచ్చింది. దత్తత చట్టప్రకారమే జరిగింది. అయితే చట్టంలో లేని మాట ఒకటి కండక్టరమ్మ తనంతట తనే ఇచ్చింది. "పిల్ల నీ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. పెద్దయ్యాక నిజం నేనే చెప్తాను" అంది.

ఇంట్లో ఆ మాట చెల్లలేదు. ఇచ్చిన తల్లి చచ్చినదానితో సమానమని అత్తగారు గీత గీసింది. భర్త దాటలేదు. ఇంట్లో చెల్లని మాట బస్సులో చెల్లుతుంది కదా అనుకుంది కండక్టరమ్మ. పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ, పని దిగిన లాండ్రీ మనిషి ఆస్పత్రి గేటు దగ్గర ఎక్కి, వంతెన దగ్గర దిగేదాకా పిచ్చుక పక్కన కూర్చుంటోంది. ఆమెకి పిల్ల పెట్టిన పేరు దుప్పట్ల అత్త. మొన్న అన్నం తింటూ, దుప్పట్ల అత్త చెప్పిన కథంటూ పిల్ల మొదలుపెట్టింది. పిచ్చుక నోట దాగేదేముంది? అత్తగారికి సంగతి తెలిసిపోయింది.

ఆస్పత్రి గేటు వచ్చింది. లాండ్రీ మనిషి ఎక్కింది. బ్లీచింగు నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"అత్తా, ఇటు!" నాన్నమ్మ చెయ్యి విదిలించుకుని పిచ్చుక జనంలోకి దూరింది. ఎవరో లేచి సీటిచ్చారు. ఆమె కూర్చుంది. పిల్ల ఆమె ఒళ్ళో కూర్చుంది.

కండక్టరమ్మ వెనకనుంచి టిక్కెట్లు కొట్టుకుంటూ వస్తోంది. అంత రద్దీలో మొహాలు చూసే తీరిక ఎక్కడిది? చాచిన చేతులే కనిపిస్తాయి. ఒక ఆడమనిషి చెయ్యి, ఒళ్ళో పిల్ల మేజోళ్ళు. వేళ్ళు వాటంతటవే మీటలు నొక్కేశాయి. ఒక ఫుల్లు, ఒక హాఫు. చింపి ఇచ్చాక గాని తలెత్తి చూడలేదు.

స్టాఫ్ పాసు మీద తిరిగే సొంత కూతురికి హాఫ్ టిక్కెట్టు కొట్టింది. ఇంకొక ఆడదాని బిడ్డగా కొట్టింది.

లాండ్రీ మనిషి రెండింటికీ డబ్బులిచ్చి, ఆ చిన్న కాగితాన్ని పిడికిట్లో మూసుకుంది.

తన సీట్లోంచి అత్తగారు లేచి వచ్చి కోడలి చెవిలో బుసకొట్టింది. "చూశావా? నీ చెయ్యే ఒప్పేసుకుంది. ఇంక నీకేం మిగిలింది?"

కండక్టరమ్మ మొహం భగ్గుమంది. నిజంగానే ఏం మిగిలింది? పిల్ల అటు తిరిగి కబుర్లు చెబుతోంది. చెబుతూనే, చూడకుండానే, చెయ్యి వెనక్కి చాపి అమ్మ యూనిఫారం అంచు పట్టుకుంది. ఏ బస్సులోనైనా అది పడిపోకుండా ఉండడానికి పట్టుకునేది ఆ అంచునే.

"నా చెయ్యి అబద్ధమాడలేదుగా అత్తయ్యా" అంది కండక్టరమ్మ మెల్లగా.

"నేనేం రాయిని కాదే. పదిమందికీ తెలిస్తే బడిలో దాన్ని బతకనిస్తారా? రేపు రెక్కలొచ్చి అటెగిరిపోతే నా కొడుకు గోడకి చెప్పుకుని ఏడవాలా? తెగిన దారం తెగినట్టుండాలి. వంతెన వచ్చేలోపు చెప్పు ఆ లాండ్రీదానికి."

కండక్టరమ్మ నోరు తెరిచేలోపే లాండ్రీ మనిషి అందుకుంది. మాటలు వినపడకపోయినా ఇద్దరి మొహాలూ చూసింది. "తెలిసిందిలే అక్కా. రేపట్నుంచి నడిచిపోతాను. వంతెన ఎంత దూరం కనక. నా వల్ల మీ ఇంట్లో గొడవొద్దు."

ఊ అంటే సరిపోతుంది. ఆ చెప్పరాని మాట చెప్పాల్సిన పని కూడా లేకుండా ఆమే దారిచ్చేసింది.

"నడవక్కర్లేదు" అంది కండక్టరమ్మ. "ఇవాళ వంతెన దగ్గర దిగకు. ఇంటికి రా."

"ఏ ఇంటికి?"

"మా ఇంటికి. ఇంక దీనికి చెప్పేద్దాం. ఇద్దరం కూర్చుని."

లాండ్రీ మనిషి అడ్డంగా తలూపింది. "వద్దక్కా. ఎందుకిచ్చేశావని అడిగితే?"

"అడుగుతుంది. ఆ జవాబు నా దగ్గర లేదు, నీ దగ్గరే ఉంది. అందుకే నువ్వు రావాలి."

"అది నా గుమ్మం తొక్కితే నేను ఆ ఇంట్లో ఉండను!" ఈసారి అత్తగారి గొంతు బస్సంతా వినిపించింది.

"ఇంతకీ టిక్కెట్టు గొడవా, ఇంటి గొడవా?" బుట్ట ముసలాయన మెడ సాచాడు.

"రెండూనూ తాతా. నువ్వు బుట్ట చూసుకో." కండక్టరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "మీరు ఉండాలత్తయ్యా. మీ భయం కూడా పిల్లకి చెప్పండి, విననివ్వండి. పొద్దున సరే అన్నాను, తప్పయింది. దాన్ని పెంచేది నేనే, అమ్మనూ నేనే. అలాగని కన్నదాన్ని పిల్లకి లేకుండా చెయ్యమంటే నా వల్ల కాదు. మీ అబ్బాయితోనూ ఇదే చెప్తాను."

అత్తగారు రాడ్డు పట్టుకుని కిటికీ వైపు మొహం తిప్పేసుకుంది.

"ఏం చెప్తారు నాకు?" పిచ్చుక ఒకరి తరవాత ఒకరి మొహాలు చూస్తోంది. "అమ్మా, ఏం చెప్తారు?"

"ఇంటికెళ్ళాక."

బస్సు కీచుమంటూ ఆగింది. "వంతెన! దిగేవాళ్ళున్నారా?" ముందునుంచి డ్రైవరు కేకేశాడు.

లాండ్రీ మనిషి అలవాటుకొద్దీ సగం లేచింది. మెట్ల వైపు చూసింది. ఇంకా ఒళ్ళోంచి దిగని పిల్ల వైపు చూసింది. లేవనూ లేదు, కూర్చోనూ లేదు.

డ్రైవరు మళ్ళీ కేకేశాడు.

"ఎవరూ లేరు" అంది కండక్టరమ్మ. "పోనివ్వు."