మీ వైపు నుంచి వచ్చింది

పొద్దున్నే మా యాళినిని గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టాలి. ఒంటి మీది పొలుసులు నానాక మెత్తటి గుడ్డతో రుద్ది, తడి ఆరకముందే తల నుంచి కాలివేళ్ల దాకా ఆయింట్‌మెంట్ పట్టించాలి. తడి ఆరిందంటే చర్మం బిగిసి పగులుతుంది, పగిలితే పిల్ల మెట్లు కూడా దిగలేదు. చెవుల వెనక, మోకాళ్ల వెనక, వేళ్ల సందుల్లో, ఎక్కడా మరవకూడదు. స్కూలు నుంచి రాగానే మళ్లీ, పడుకోబోయే ముందు మళ్లీ. ఈలోగా చాప మీదా సోఫా మీదా రాలిన పొట్టు ఊడవాలి, జిడ్డు పట్టిన దుప్పట్లు వేడినీళ్లలో నానేసి ఉతకాలి. దానికి చెమట పట్టదు కాబట్టి తిరుత్తణి ఎండలకు తడి బనియను తొడిగి ఫ్యాను కింద కూర్చోబెట్టాలి. ఇవన్నీ చేసే మనిషి గురించి మా ఆయన ఫోనులో స్నేహితులకు చెప్పే మాట ఒక్కటే. "జ్యోతికనా? అది సుమ్మా ఇంట్లోనే ఉండాది." సుమ్మా అంటే ఊరికే, పనీ పాటా లేకుండా.

మా ఆయనంటే మా మామే. మోహన్‌రాజ్ మా అమ్మకు సొంత తమ్ముడు. చిన్నప్పుడు నన్ను సైకిలు ముందర కూర్చోబెట్టుకుని మా ఊరు కే.జీ.కండిగై అంతా తిప్పినవాడు, ఇప్పుడు పట్టాభిరామ్‌లో కంపెనీకి రైలెక్కి వెళ్లి చీకటి పడ్డాక వచ్చి చెప్పులు విడిచి సోఫాలో పడేవాడు, ఇద్దరూ ఒకరే. దీంతో మా అవ్వ వరదమ్మ నాకు అత్త కూడా అయింది. ఈ రెండు ఉద్యోగాలూ ఆవిడ ఒకేసారి చేస్తుంది. అరిసెలు నోట్లో పెట్టేటప్పుడు అవ్వ, అంట్లగిన్నెలు చూపించేటప్పుడు అత్త. ఏ పూట ఎవరు డ్యూటీలో ఉన్నారో గొంతు విని కనుక్కోవాలి.

యాళిని పుట్టినప్పుడు దాని ఒళ్లంతా నూనెకాగితం చుట్టినట్టు ఉండింది. డాక్టర్లు బతికించారు. చర్మం మాత్రం ఇలాగే ఉంటుందన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పూటపూటకూ అత్త నోట వినిపించే మాట ఒకటుంది.

"మా వంశంలో యాడా లేదమ్మే ఇట్లాంటిది. మీ వైపు నుంచి వచ్చింది."

ఇక్కడ మీరు కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. మా వైపంటే ఎవరు? మా అమ్మ ఆవిడ కూతురు. మా నాయన ధనకోటి ఆవిడ సొంత అన్న కొడుకు. నా వైపు ఎంత వెతికినా ఆవిడే ఎదురొస్తుంది. ఈ మాట ఒకసారి నోరు తెరిచి అన్నాను. "అత్తకు ఎదురు చెప్తావా?" అంది. సరే అవ్వతో చెప్పుకుందామనుకుంటే ఆ పూట అవ్వ సెలవులో ఉంది.

వైపు సరిపోకపోతే ఇంకో కారణం సిద్ధంగా ఉండేది. "కడుపుతో ఉండంగా నువ్వు తెగ చేపల కూర తిన్నావు కదమ్మే. అందుకే బిడ్డకు పొలుసులు." ఆ కూర వండి, ముల్లు తీసి మరీ కొసరి కొసరి పెట్టింది ఆవిడే. నవ్వొస్తోంది కదా, నాకూ ఇప్పుడు వస్తోంది. కానీ నిజం చెప్తున్నాను, యాళిని పుట్టాక నేను చేప ముట్టలేదు. చదువుకున్న దాన్ని, తిరువళ్లూరులో ఉద్యోగం చేసి మానేసిన దాన్ని, అయినా లోపల ఎక్కడో నమ్మాను. రోజూ పిల్ల ఒళ్లు రుద్దుతూ ఆ కూర గుర్తు చేసుకునేదాన్ని.

అప్పుడు ఎస్తేర్ వచ్చింది. పిల్లలకు అరుదుగా వచ్చే చర్మం జబ్బుల మీద చెన్నైలో పరిశోధన చేసేవాళ్లలో ఆ అమ్మాయి ఒకతె. మా ఊళ్ల మాదిరే తెలుగు మాట్లాడే పట్టాభిరామ్ పిల్ల. యాళినిది, నాది, మోహన్ మామది రక్తం కావాలి, ఇంటి పెద్దలు కూడా ఇస్తే ఇంకా మంచిదంది. ఏ జన్యువు వల్ల వచ్చిందో తెలిస్తే, రేపు దానికి మందు కనుక్కునే వాళ్ల దగ్గర మా పిల్ల పేరు ఉంటుందట. నాకు కావాల్సింది అంతే. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, నాతోపాటు నా బిడ్డ చర్మం గురించి ఆలోచిస్తుండాలి.

ఆదివారం ఎస్తేర్ ఇంటికి వస్తుందని తెలిసి అత్త ఉత్సాహంగా మా నాయనను కే.జీ.కండిగై నుంచి పిలిపించింది. తప్పు దొరకబోతున్నప్పుడు తప్పు చేసినవాళ్లు పక్కన ఉండాలి కదా.

"ముందు వీళ్ల వైపోళ్లది తీయమ్మా" అంది, నన్నూ మా నాయననూ చూపించి.

నేను సాంబారుకు కూరగాయలు తరుగుతున్నాను. ఎస్తేర్ నా చేటలోంచి వంకాయలూ బెండకాయలూ తీసుకుని నేల మీద పేర్చడం మొదలుపెట్టింది. వంకాయలు ఆడవాళ్లు, బెండకాయలు మగవాళ్లు.

"ఈ పెద్ద వంకాయ మీరు అవ్వా. ఇదిగో మీ కొడుకు మోహనన్న. వాళ్ల పక్కన జ్యోతికక్క. ఇప్పుడు అక్క వైపు పెడతా. అక్కా, మీ అమ్మ ఎవరు?"

"ఈ పెద్ద వంకాయ కూతురు" అన్నాను.

"మీ నాయన?"

మా నాయన గొంతు సవరించుకున్నాడు. "నేను ఈయమ్మకు అన్న కొడుకునమ్మా."

ఎస్తేర్ ఒక వంకాయ ఇటు జరిపింది, ఒక బెండకాయ అటు జరిపింది, మళ్లీ వెనక్కి తెచ్చింది. అక్క వైపు కోసం వదిలిపెట్టిన ఖాళీ గచ్చు ఖాళీగానే ఉండిపోయింది.

"ఇంకో వైపు యాడక్కా?"

"లేదమ్మా. ఉండే వైపు ఇదే."

అత్త ముందుకు వంగి కళ్లద్దాలు సర్దుకుంది. ఎస్తేర్ ఆవిడ తాంబూలం పళ్లెంలోని సున్నం వేలికి తీసుకుని నా వంకాయ మీద ఒక చుక్క, మామ బెండకాయ మీద ఒక చుక్క పెట్టింది. "ఒక్క చుక్క ఉంటే మనిషికి ఏమీ కాదు అవ్వా. ఒళ్లు బాగానే ఉంటాది. అమ్మ నించి ఒకటి, నాయన నించి ఒకటి వచ్చి రెండూ చేరితేనే బిడ్డకు ఇట్ల. అట్లే అయ్యుంటాదని మేం అనుకుంటా ఉండాము. రక్తం చూస్తే గాని చెప్పలేము."

"నాకెందుకు రక్తం?" అంటూ మామ లేచి చొక్కా తొడుక్కున్నాడు. "నా ఒళ్లు చూడు, యాడన్నా మచ్చ ఉండాదా? ఈ వంకాయల యవ్వారం మీరే చూసుకోండి. నాకు బజారులో పని ఉండాది."

"నాయన రక్తం లేకుంటే పాప పరీక్ష సగంలోనే నిలిచిపోతాది అన్నా" అంది ఎస్తేర్.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. వారంలో మిగతా రోజులన్నీ రైల్లో ఉండే మనిషికి, బిడ్డ కోసం చెయ్యి చాపాల్సిన ఈ పూటే బజారు గుర్తొచ్చింది. గట్టిగా అరవాలనిపించింది. నేను అరిస్తే ఆయనకు వెళ్లిపోవడానికి మంచి కారణం దొరుకుతుంది. అందుకని అత్త వైపు తిరిగి చాలా నెమ్మదిగా అన్నాను.

"పోనీలే అత్తా. మామది తీయకుంటే మీ వైపు సుద్దమని ఎప్పటికీ తేలదు, అంతే కదా."

అత్త ముఖం ఎర్రబడింది. "రేయ్, కూసో!" అంది. ముందు తన చెయ్యే చాపింది. "తీయమ్మా నాది. మా వైపు రక్తం ఎట్లుంటాదో ఊరందరికీ తెలియాల."

తల్లి ఇచ్చాక కొడుకు తప్పించుకోలేకపోయాడు. సూది చూడగానే మామ మొహం పాలిపోయింది, గోడకు ఆనుకుని మెల్లగా జారాడు. ఎన్నిసార్లు సూదులు వేయించుకుందో లెక్క లేని యాళిని వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "అటు చూడకు నాయనా. నా మాదిరి ఫ్యానును చూడు."

కొన్ని నెలలకు ఎస్తేర్ ఫోను చేసింది. స్పీకర్ పెట్టమని అత్తే అంది. జబ్బు ఏ జన్యువులో ఉందో దొరికిందట. ఆ చుక్క నాలో ఉంది. మామలో ఉంది. అత్తలోనూ ఉంది.

అత్త ఫోను మీదికి వంగింది.

"మిషను సరింగా పని చేసిందా తల్లీ?" అంది అత్త.

"చేసింది అవ్వా. ఇందులో ఎవరి తప్పూ లేదు."

"అయితే మా అమ్మ వైపు నుంచి వచ్చుంటాది" అని అత్త లేచి వెళ్లిపోయింది. చనిపోయి ఎన్నో ఏళ్లయిన మా ముత్తవ్వ మీద పడింది పాపం. పాపం ఎక్కడ పడ్డా ఆడదాని మీదే పడుతుంది, మగవాడి పేరు మాత్రం పైకి రాదు. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో బాగా ఏడ్చాను. దుఃఖం కాదది. ఇన్నేళ్లు మోసిన చేపల కూర దిగిపోయింది.

జబ్బులో సగమే నాదైనప్పుడు, పనిలోనూ నా సగం చాలనుకున్నాను.

ఆ ఆదివారం చేపలు తెచ్చుకున్నాను. యాళినికి నీళ్లు పోసి, కుడి చెంపకు, కుడి చేతికి, కుడి కాలికి ఆయింట్‌మెంట్ రాసి, డబ్బా దాని చేతిలో పెట్టాను.

"ఇంకో పక్కమ్మా?"

"అది మీ నాయనది. పో."

పిల్ల సగం మెరుస్తూ వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడింది. "నాయనా, నీ పక్క రాయి."

"ఏందిది? ఏమ్మే, జ్యోతీ!"

"చేపలు తోముతా ఉండా మామా. చెయ్యి ఖాళీ లేదు."

"మగోడు మందు రాసేదేంది?" అంటూ అత్త డబ్బా కోసం లేచింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. నా మొహంలో ఏం చూసిందో, ఆవిడ మళ్లీ కూర్చుంది. ఆ పూట డ్యూటీ అవ్వది కాబోలు.

తడి ఆరిపోతోంది. ఇంకొంచెం ఆలస్యమైతే ఎడమ మోకాలు పగులుతుంది. ఆయన లేవకపోతే నేనే పరుగెత్తుతానని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు, ఇన్నేళ్లూ ఆ ధీమాతోనే కూర్చున్నాడు. చేప మీద పొలుసులు తోముతూ చెవులు అటే పెట్టాను.

టీవీ ఆగింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.

"అట్ల కాదు నాయనా. మోకాలి ఎనక కూడా. వేళ్ల సందుల్లో కూడా. చెవి ఎనక మర్చిపోయినావు."

కాసేపటికి మామ గొంతు, కాస్త రొప్పుతూ. "అబ్బా! దినామూ ఇంత పని ఉండాదా?"

"ఇది సగమే నాయనా" అంది యాళిని.