రెక్సిన్ కింద

"ఖాళీగనే ఉన్నవ్ గదా, గా బండి లోపల జర తుడువు," అన్నాడు దేవేందర్ చెప్పులు తొడుక్కుంటూ.

నేను ఖాళీగా లేను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అత్తమ్మ స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. పాప యూనిఫాం ఇస్త్రీ సగంలో ఉంది. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో నా మొగుడు ఆ మాట అన్న ప్రతిసారీ నా చేతిలో ఏదో ఒక పని ఉంది. అది పనిలాగా ఆయన కంటికి ఆనదు, అంతే. స్టవ్ సిమ్‌లో పెట్టి బకెట్, గుడ్డ తీసుకుని షెడ్డులోకి వెళ్లాను.

మేడ్చల్‌లో రైల్వే గేటు దాటితే మా ఇల్లు. ఇంటి ముందు రేకుల షెడ్డు. దేవేందర్ వేలంలో పాత కార్లు కొని, బాగుచేసి అమ్ముతాడు. వాయిదాలు కట్టలేదని ఫైనాన్సు వాళ్లు గుంజుకొచ్చిన కార్లను గుండ్లపోచంపల్లి దగ్గర ఒక యార్డులో వేలం వేస్తారు. పోలీసు స్టేషన్ల ముందు ఏళ్ల తరబడి ఎండకు ఎండే బండ్లను, ఎవరూ వచ్చి అడగకపోతే, పోలీసులు వేలం వేస్తారు. ఇంజన్ పని మెకానిక్ బాలేష్‌ది. బేరం దేవేందర్‌ది. కారు లోపలిదంతా నాది. సీట్ల కింద చిన్నపిల్ల సాక్సు దొరుకుతుంది. అద్దానికి ఎవరో అతికించిన బొట్టు బిళ్లలు, డ్యాష్‌బోర్డు మీద పసుపు కుంకుమ, అరలో మడతపెట్టిన స్కానింగ్ రిపోర్టు. ఆ ఇంటివాళ్ల నుంచి కారును పూర్తిగా తుడిచెయ్యడమే నా పని. మొదట్లో ఆ సాక్సులూ రిపోర్టులూ ఒక డబ్బాలో దాచేదాన్ని. "ఎవని దరిద్రమో మనింట్ల ఎందుకే?" అని దేవేందర్ ఆ డబ్బా తీసుకెళ్లి చెత్తబండిలో వేశాడు.

తుడవడం అయ్యాక కుట్టడం. మా నాయిన దర్జీ. పెళ్లికి ముందే ఆయన దగ్గర మిషన్ పని నేర్చుకున్నాను. హైదరాబాదు పుత్లీబౌలి బజారు నుంచి రెక్సిన్ చుట్టలు వస్తే సీటు కవర్లు, తలుపుల లోపలి తొడుగులు, గేరు తొడుగు అన్నీ నేనే కుడతాను. "కవర్లు జూసే సగం మంది కొంటరు," అని బాలేష్ ఒకసారి నా ముందే అన్నాడు. దేవేందర్ నవ్వి ఊరుకున్నాడు. మా అత్తమ్మ మైసమ్మ మాత్రం ఇప్పటికీ, "నా కొడుకు ఎండల తిరిగి తెస్తుండు, నువ్వు నీడపట్టున కూసుంటవ్," అంటుంది. మిషన్ తొక్కి తొక్కి నా మోకాళ్లు రెండూ అరిగిపోయాయన్న సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పినా, "కూసుంటే గూడ నొస్తయా?" అనేది.

రెండేళ్ల కింద ఒక వేలంలో దేవేందర్ ఎవరితోనో కొట్లాట పెట్టుకున్నాడు. ఇక అతన్ని వేలం పాట పాడనిచ్చేది లేదన్నారు. అప్పుడు నా పేరు గుర్తొచ్చింది. నన్ను యార్డుకు తీసుకెళ్లి ఫోటో దిగమన్నాడు, సంతకం పెట్టమన్నాడు. అక్కడ వందమంది మగవాళ్లు, ఒక్కదాన్ని నేను. నిలబడి చూడాలనిపించింది. ఏ కారు నీళ్లలో మునిగిందో సీటు పట్టాల తుప్పు చూసి చెప్పగలను, ఎన్ని చేతులు మారిందో పెడల్ అరుగుదల చూసి చెప్పగలను. "అయిపాయె, ఇగ నువ్వు కార్ల కూసో," అన్నాడు. అద్దాలు ఎక్కించుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఆ రోజు నుంచి మా ఇంటికొచ్చే ప్రతి కారూ కాగితాల మీద నాదే.

పోయిన ఎండాకాలం పోలీసుల వేలంలో ఒక తెల్ల కారు వచ్చింది. ముందు భాగం నుజ్జయి ఉంది. బాలేష్ బానెట్ మార్చాడు, రంగు వేశాడు. లోపల చూస్తే స్టీరింగ్ నడుమ పగిలి, ఎయిర్‌బ్యాగు చిరిగిన దిండు గలీబులాగా బయటికి వేలాడుతోంది. ఎడమవైపు డ్యాష్‌బోర్డు కూడా చీలి అట్లాగే ఉంది. దేవేందర్ బ్లేడు తీసుకుని రెండింటినీ కోసి, షెడ్డు అటక మీద గోనెసంచిలో పడేశాడు.

"స్పాంజి బెట్టి పైనంగ రెక్సిన్ తొడుగు. కొత్త లెక్క కనపడాలె," అన్నాడు.

"గీ బ్యాగులు కొత్తయి వెయ్యరా?"

"కొత్తయి వేస్తే మిగిలేదేంది? పది మందిల తొమ్మిది మందికి వాటితోటి పనే పడది."

"మరి పదో మనిషి?"

"నువ్వు కుట్టుడు జూడు. మాట్లాడుడు నా పని."

రెండు రోజులు కుట్టాను. మా పాత పరుపులోంచి పసుపురంగు స్పాంజి కోసి ఆ గుంటల్లో నింపాను. పైన నల్ల రెక్సిన్ ఎక్కడా ముడత పడకుండా లాగి, అంచు లోపలికి మడిచి రెండు పేటల దారంతో కుట్టాను. ఎయిర్‌బ్యాగు పనిచెయ్యట్లేదని మీటరులో వెలుగుతున్న ఎర్ర లైటును బాలేష్ ఏదో చేసి ఆర్పేశాడు. పని పూర్తయ్యాక డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరాను. అతుకు ఎక్కడా తెలియలేదు. నాకు గర్వంగా అనిపించింది. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఆ కారు కొనడానికి తల్లీ కూతుళ్లు వచ్చారు. కూతురు సాయిప్రియ, షామీర్‌పేట వైపు ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంది. తల్లి శోభారాణి అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైంది. నేను టీ తెచ్చేసరికి ఆమె ముందు సీట్లో కూర్చుని రెక్సిన్ మీద వేలు పెట్టి కుట్టు వెంబడి మెల్లగా పోనిస్తోంది.

"ఎవరు గుట్టిండ్రు సారూ? మస్తు సాఫ్‌గ ఉన్నది."

"మా దగ్గర ఒక మనిషి ఉన్నడమ్మా," అన్నాడు దేవేందర్.

ఉన్నడు. నేను కప్పులు పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

టీ తాగుతూ ఆమె మళ్లీ అడిగింది. "గుద్దుకుంటే ఉబ్బి బయటికొస్తయంట గదా, ఎయిర్‌బ్యాగులు. అవి ఉన్నయా? పిల్ల కొత్తగ నేర్సుకున్నది, నాకు జర భయం."

"రెండున్నయమ్మా. గిదో, పక్కన అక్షరాలు అచ్చేసి ఉన్నయ్ జూడు," అని తలుపు పక్క ప్లాస్టిక్ మీద వేలు పెట్టి చూపించాడు.

ఆమె కళ్లజోడు సవరించుకుని ఆ అక్షరాలు చదివింది. నా వైపు చూసి నవ్వింది. మాట నా నోటి దాకా వచ్చింది. అంతకుముందు ఏడాది, వరదలో మునిగిన ఒక కారు గురించి కొనేవాళ్ల ముందు నోరు జారాను. వాళ్లు అటు వెళ్లగానే ఇటు దేవేందర్ కొట్టిన దెబ్బకు వారం రోజులు నా ఎడమ చెవిలో గుయ్యిమని మోత. "మొగోళ్ల యాపారంల నోరెందుకు బెడ్తవ్?" అంది అత్తమ్మ, చెవిలో నూనె పోస్తూ. ఆ మోత గుర్తొచ్చింది. నేనూ నవ్వాను. ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

అయిదు నెలలకు ఒక పొద్దున, తల్లిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ సాయిప్రియ షామీర్‌పేట దగ్గర రోడ్డు మీద ఆగి ఉన్న టిప్పర్‌ను గుద్దింది. ఇద్దరూ బెల్టు పెట్టుకునే ఉన్నారు. కూతురికి దవడ పగిలింది, చెయ్యి విరిగింది. తల్లి తల డ్యాష్‌బోర్డుకు తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

దేవేందర్‌కు ఫోన్ వచ్చినప్పుడు అన్నం తింటున్నాడు. "మనం అమ్మిన తెల్ల బండే," అన్నాడు నాతో. ఆ తల్లి పోయిందని చెప్పాడు. ఇంకో ముద్ద కలిపాడు. తరవాత, "పచ్చడి లేదా?" అని అడిగాడు.

పచ్చడి తెచ్చి వేశాను. ఇది కూడా నిజమే. చెయ్యి తనంతట తను జాడీ మూత తీసింది, గరిటె ముంచింది, వేసింది. వేసిన తరవాత పెరట్లోకి వెళ్లి కక్కుకున్నాను. ఆమె వేలు నా కుట్టు వెంబడి పోయిన దారే కళ్ల ముందు కనిపిస్తోంది. నేను స్పాంజి నింపిన చోటే ఆమె తల తగిలింది.

ఇన్సూరెన్సు మనిషి వచ్చి కారు చూశాడు. రెక్సిన్ కోస్తే లోపల స్పాంజి బయటపడింది. పది రోజులకు పోలీసు స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది. కాగితాల మీద వేలంలో కొన్నదీ అమ్మినదీ నేనే కాబట్టి పిలిచింది నన్ను.

ఆ సాయంత్రం మా బావ ప్రతాప్ వచ్చాడు. దేవేందర్‌కు అన్న, ఒక వకీలు దగ్గర గుమాస్తా. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"ఏం పరేషాన్ గాకు సుచిత్రా. ఒక్కటే మాట. 'నాకేం తెల్వదు సార్, నేను ఇంట్ల ఉండేదాన్ని, పేరొక్కటే నాది.' గంతే. దేవేందర్, 'వేలంల ఎట్లొచ్చిందో గట్లనే అమ్మిన, కుట్టిచ్చింది పాతోళ్లే' అంటడు. ఇద్దరు బయటపడ్తరు."

"తెల్వదంటే ఏంబోయింది బిడ్డా? నిజంగనే నీకేం తెల్వదాయె," అంది అత్తమ్మ.

ఆమె అబద్ధం నేర్పడం లేదు. నమ్మే అంటోంది. రోజూ నా మిషన్ చప్పుడు వింటూ నిద్రపోయే మనిషి, నాకేమీ తెలియదని మనసారా నమ్ముతోంది. ఇన్నేళ్లుగా వీళ్లు నా గురించి అంటున్న మాటనే ఇప్పుడు నా నోటితో ఒక్కసారి అనమంటున్నారు. అనేస్తే ఇంటికొచ్చి వంట చేసుకోవచ్చు. పాపకు జడ వేసుకోవచ్చు. కొత్త కారు వస్తుంది, తుడవమంటారు, తుడుస్తాను. మళ్లీ ఎక్కడో ఒక గుంట ఉంటుంది, నింపమంటారు. చాలా తేలికైన మాట. నోరు తిరగనంత కష్టం కూడా ఏమీ లేదు.

మర్నాడు పాపను బౌరంపేట్‌లో మా చెల్లె రోజారాణి ఇంట్లో దింపాను. బ్యాగు చూసి దేవేందర్, "గిన్ని బట్టలెందుకు?" అన్నాడు.

"నాలుగొద్దులు ఉంటదట," అన్నాను.

స్టేషన్లో నా మాట రాసుకున్నది భవాని అనే హెడ్ కానిస్టేబుల్. దేవేందర్, ప్రతాప్ బావ గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆమె నా పేరు, భర్త పేరు, వయసు అడిగి రాసింది. వృత్తి మాత్రం అడగలేదు, గృహిణి అని తనే రాసేసింది.

"చెప్పమ్మా. గా బండి సంగతి నీకేమన్న తెలుసా?"

గుమ్మం దగ్గర దేవేందర్ గొంతు సవరించుకోవడం వినిపించింది.

"తెలుసు మేడం. ఎయిర్‌బ్యాగులు కోసింది నా భర్త. స్పాంజి నింపి రెక్సిన్ కుట్టింది నేను. స్పాంజి మా పరుపులది, మిగిలిన పరుపు ఇంట్లనే ఉన్నది. కోసిన బ్యాగులు షెడ్డు అటక మీద గోనెసంచిల ఉన్నయ్."

"ఏయ్ సుచిత్రా! దిమాక్ ఖరాబయిందానే?" దేవేందర్ లోపలికి రాబోయాడు. భవాని లేచి అతన్ని బయటికి పంపి తలుపు మూసింది. వచ్చి కూర్చుని పెన్ను పక్కన పెట్టింది.

"గిది రాస్తే నీ మీద గూడ కేసయితదమ్మా. సమజయితుందా?"

"అయితుంది మేడం. ఆ తల్లి బ్యాగులున్నయా అని అడిగింది. నేను పక్కనే ఉన్న. నవ్వి ఊకున్న. అది గూడ రాయండి."

ఆమె రాసింది. చాలాసేపు పట్టింది. మధ్యలో అడగడం, నేను చెప్పడం, తను మళ్లీ రాయడం. అంతా అయ్యాక మొదటి నుంచి చదివి వినిపించి పెన్ను నా చేతికి ఇచ్చింది.

"ఒక్కటి తప్పు పడ్డది మేడం," అన్నాను.

"ఏంది?"

"గృహిణి అని రాసిండ్రు."

"మరేం రాయాలె?"

"కార్లకు రెక్సిన్ కుడ్త. పదకొండేండ్లాయె."

ఆమె ఆ మాట కొట్టేసి పైన రాసింది. నేను కింద సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నమే కేసు నమోదైంది. మొదటి పేరు దేవేందర్‌ది, రెండో పేరు నాది. నా పనికి పేరు రావడం అదే మొదటిసారి, అదీ ఒక చావు కేసులో.